ఇరవైకీ యాభైకీ మధ్య చిక్కుకున్న పాత స్పోర్ట్స్ కారు

క్లుప్తంగా

యాభై ఏళ్లు నిండిన కారును మన చట్టం వారసత్వ సంపదగా గుర్తిస్తోంది. ఇరవై నిండిన కారు మీద మాత్రం రెన్యువల్ రుసుము భారం పెంచింది. ఈ రెంటి మధ్య ఉన్న ముప్పై ఏళ్లలోనే అరుదైన స్పోర్ట్స్ కార్లు కనుమరుగయ్యే ప్రమాదం ఎక్కువ. ఆ కాలంలో వాటిని నిలబెట్టేది యజమానుల క్లబ్బులు, అవి జరుపుకొనే కలయికలు. విడిభాగాలు, పాత కాగితాలు, మరమ్మతు పరిజ్ఞానం చేతులు మారేది అక్కడే. ఉప్పుగాలి, చెద, ఇథనాల్ కలిసిన పెట్రోలు, జిల్లాల సరిహద్దులతో పాటు చెదిరిన రికార్డులు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతంలో ఈ అవసరాన్ని ఇంకా పెంచుతున్నాయి.

విజయనగరం కోట ముందు పది పాత కార్లు వరుసగా నిలబడితే చుట్టూ జనం చేరడానికి పది నిమిషాలు చాలు. పిల్లలను బానెట్ పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తారు. తర్వాత మొదటి ప్రశ్న ధర గురించి. రెండో ప్రశ్న ఈమధ్య తరచుగా వినిపిస్తోంది: పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు చేయాలి కదా, డెబ్బై ఏళ్ల కారు రోడ్డెలా ఎక్కింది? ఇంట్లో తాతల నాటి కారో స్కూటరో ఉన్నవారు ఇది ఊరికే అడగరు. ఆ ప్రశ్నలో భయం ఉంది. తుక్కు విధానం, ఢిల్లీ నిషేధం, వింటేజ్ నిబంధనలు, పెట్రోల్లో ఇథనాల్ అనే నాలుగు వేర్వేరు సంగతులు ఒకే వార్తలా కలగలిసిపోవడం వల్ల పుట్టిన భయం అది.

పదిహేనేళ్ల మాట ఎక్కడిది?

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. గడువు తీరాక బండిని రవాణా శాఖ కార్యాలయానికి తీసుకెళ్లాలి. బ్రేకు ఇన్‌స్పెక్టర్ పరీక్షలో నెగ్గితే మరో అయిదేళ్లు పొడిగిస్తారు. అవి ముగిశాక మళ్లీ అయిదేళ్లు. ఇన్నిసార్లే పొడిగించాలన్న పరిమితి మోటారు వాహనాల చట్టంలో లేదు.

15 ఏళ్లు నిండగానే కారుకు కాలం చెల్లిందన్న మాట ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి గాలి కాలుష్యం కారణంగా 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ ఆదేశం దేశ రాజధాని ప్రాంతం వరకే. సాలూరులోనో టెక్కలిలోనో ఉన్న కారుకు అది వర్తించదు. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం కూడా సొంత బండిని వయసొక్కటే చూసి తీసేయదు, ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిన బండినే కాలం చెల్లినదిగా లెక్కిస్తుంది. ప్రభుత్వ వాహనాల సంగతి వేరు. వాటికి 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లే గడువు.

అదే 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేకంగా ఒక భాగం చేరింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన నాటి నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని కార్లు, ద్విచక్ర వాహనాలు ఇందులోకి వస్తాయి. ఛాసిస్‌ను గానీ, బాడీని గానీ, ఇంజిన్‌ను గానీ మార్చేసేంత పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కొత్తగా నమోదైన బండికి రాష్ట్ర అక్షరాల తర్వాత ‘వీఏ’ అనే గుర్తుతో నంబరు ఇస్తారు. ముందే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరు నిలుపుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ తర్వాత పునర్నమోదుకు 5,000.

లెక్క వేసి చూస్తే

అంకెలను పక్కపక్కన పెడితేనే ఈ నిబంధనల మధ్య ఉన్న పొత్తులేనితనం కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న కారైతే 40,000. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి ఇంకో మెట్టు పెట్టారు. మామూలు కారుకు 10,000, దిగుమతి కారుకు 80,000.

ఇప్పటి రేట్లే కొనసాగుతాయనుకుందాం. దిగుమతి చేసుకున్న ఒక స్పోర్ట్స్ కారుకు 20 ఏళ్లు నిండిన దగ్గర నుంచి 50 నిండేదాకా ఆరుసార్లు రెన్యువల్ చేయించాలి. అంటే 4,80,000 రూపాయలు. యాభై నిండిన మరునాడు అదే కారుకు పదేళ్లకు 20,000 చాలు. నలభై అయిదో ఏట అయిదేళ్లకు 80,000 కట్టించుకున్న వ్యవస్థే, యాభయ్యో ఏడు దాటగానే దాన్ని వారసత్వం అంటుంది. కారు మారలేదు, అది వదిలే పొగ కూడా మారలేదు.

రుసుముల పెంపు వెనక ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. రోజూ తిరిగే పాత బండ్లు పొగ ఎక్కువ వదులుతాయి, వాటిలో భద్రతా ఏర్పాట్లు తక్కువ. వాటిని వదిలించుకునేలా యజమానిని నెట్టడానికే ఈ భారం. కానీ నెలకు రెండుసార్లు బయటికొచ్చే కారును, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే కారును ఆ నిబంధన ఒకే గాటన కడుతుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఈ చిక్కును మరోలా విడదీసింది. 30 ఏళ్లు దాటి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనమే దాని దృష్టిలో చారిత్రక వాహనం. వయసుతో పాటు వాడకాన్ని కూడా కొలబద్దగా తీసుకుంది.

మన దేశంలోనే అన్ని శాఖలూ ఒకే వయసు పాటించవు. 2002 నాటి మోటారు బీమా టారిఫ్ ప్రకారం 1940 డిసెంబరు 31 లోపు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కారే వింటేజ్. దిగుమతి విధానం చాలాకాలం 1950కి ముందు తయారైన వాటినే ఆ వర్గంగా చూసింది. ఒకే కారు బీమా కాగితంలో మామూలు కారుగా, రిజిస్ట్రేషన్ కాగితంలో వింటేజ్‌గా ఉండే వీలుంది. బీమా నిర్వచనంలో గమనించదగ్గది మరొకటి ఉంది: ఏది వింటేజో తేల్చే పనిని అది ఒక క్లబ్బు మీద పెట్టింది.

ఈ ముప్పై ఏళ్ల ఖాళీలో ఇప్పుడు ఉన్న కారుకు మంచి ఉదాహరణ శాన్ స్టార్మ్. 1990ల చివర్లో మన దేశంలోనే తయారైన రెండు సీట్ల, పైకప్పు తీసేసే స్పోర్ట్స్ కారు ఇది. రూపకల్పన ఫ్రాన్స్‌ది, ఇంజిన్ రెనో నుంచి తీసుకున్న 1.2 లీటర్లది, శక్తి 60 హార్స్‌పవర్. బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్. అమ్ముడైనవి చాలా కొద్ది. అరుదైనదనడానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నా, చట్టం కళ్లకు ఇప్పటికి ఇది పాత బండి మాత్రమే.

కలయికే ప్రయాణానికి కారణం

వింటేజ్‌గా నమోదైన కారును కూరగాయలకో ఆఫీసుకో తీసుకెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఈ నిబంధనను చాలామంది ఆంక్షగా చదువుతారు. తిప్పి చదివితే మరో అర్థం ఉంది. కారు బయటికి రావడానికి చట్టం ఒప్పుకున్న కొద్ది కారణాల్లో ప్రదర్శన, ర్యాలీ ముందు వరసలో ఉన్నాయి. ఎక్కడా కలయికలు జరగకపోతే, ఆ కారు మెకానిక్ దగ్గరికి, బంకుకు తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. షెడ్డులో నిలిచిపోయిన కారు పాడైపోతుంది. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి, టైర్లు ఒకేచోట ఒత్తిడికి చదునవుతాయి.

ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964 నుంచి నడుపుతున్న వింటేజ్ ర్యాలీ చేసిన మేలు ఈ కోణంలోంచి చూస్తేనే తెలుస్తుంది. ఫలానా నెలలో ర్యాలీ ఉందంటే యజమాని అంతకు రెండు నెలల ముందే కారు కదిలించాలి. ఆ తేదీ ఒక గడువులా పనిచేస్తుంది. ఇంగ్లండులో బుగాటి యజమానుల క్లబ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1929లో ఏర్పడిన ఆ క్లబ్ 1937లో ప్రెస్కాట్ అనే చోట ఒక ఎస్టేట్ కొని, మరుసటి ఏటి నుంచి అక్కడి కొండ దారిలో పోటీలు నడుపుతోంది. ఇతరుల మైదానం కోసం ఎదురుచూడకుండా తమ రోడ్డునే సంపాదించుకోవడం వల్ల, కార్లు పరిగెత్తడానికి ఒక శాశ్వత కారణం దొరికింది.

అరుదు అంటే ఎన్ని?

కలయికల్లో ‘రేర్’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని కొలిచే తీరు మూడు రకాలు. మొదటిది తయారైన సంఖ్య. 1967 నుంచి 1970 వరకు యమహా సాయంతో టయోటా చేసిన 2000 జీటీ కార్లు సుమారు మూడున్నర వందలు. రెక్కల్లా పైకి లేచే తలుపులతో 1954, 1957 మధ్య వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కార్లు 1,400. రెండోది మిగిలిన సంఖ్య. వేలల్లో తయారైనా తుప్పుపట్టి పోయినవి, విడిభాగాల కోసం విప్పేసినవి తీసేస్తే వందల్లో మిగిలే కార్లు ఉన్నాయి. మూడోది, అన్నిటికంటే కీలకమైనది, కాగితాలతో సరిపోలే సంఖ్య. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కర్మాగారం నుంచి బయటికొచ్చిన నాటి జతేనా? కానట్లయితే ఎప్పుడు, ఎందుకు మారింది?

మన దగ్గర రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లిన ప్రతివారికీ ‘పెన్సిల్ ప్రింట్’ తెలుసు. ఛాసిస్ మీద చెక్కిన అంకెల మీద పలుచని కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం. పాత కార్ల కలయికలో పెద్దమనుషులు బోర్లా పడుకుని, టార్చి వెలుతురులో చేసే పని కూడా సరిగ్గా ఇదే. అంకెల ఆకారం, వాటి మధ్య దూరం, చుట్టూ లోహం మీద గీతలు చూసి ఆ నంబరు అసలుదో తర్వాత కొట్టించిందో చెప్పగలిగినవారు ఉంటారు. ఒక్క కారును మాత్రమే చూసినవారికి ఆ తేడా పట్టుబడదు. ఇరవై కార్లు పక్కపక్కన చూసినవారికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. అరుదైన కారు విషయంలో ఇరవై ఒకచోట కనిపించేది కలయికలోనే.

ఒక నట్టు కథ

కలయికల అసలు ఉపయోగం అర్థం కావడానికి ఎంజీ టీసీ అనే కారులోని ఒక నట్టు చాలు. 1945, 1949 మధ్య ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో సుమారు 10 వేలు తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. సన్నని తీగల చక్రాలు, పొడవైన ముక్కు, 1,250 సీసీ ఇంజిన్. చేసినవన్నీ కుడి చేతి డ్రైవింగ్‌వే కనుక మన రోడ్లకు సరిపోయింది.

ఈ ఇంజిన్ నట్టుకు ఇంగ్లండు కొలత పానా సరిగ్గా పడుతుంది. దాంతో మెకానిక్ లోపలి మర కూడా ఇంగ్లండు కొలతదే అనుకుంటాడు. కాదు. మర ఫ్రెంచి మిల్లీమీటర్ల కొలత. ఈ విచిత్రం వెనక చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన హాచ్‌కిస్ సంస్థ కొవెంట్రీలో పెట్టిన ఇంజిన్ల కర్మాగారాన్ని 1923లో ఇంగ్లండు కార్ల సంస్థ మోరిస్ కొన్నది. మరలు కోసే యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతలవి. వాటిని మార్చడం కంటే, బయట కనిపించే తల మాత్రం ఇంగ్లండు పానాలకు సరిపడేలా చేయడం చవక. ఎంజీ మోరిస్ కుటుంబంలోని సంస్థ కాబట్టి ఆ అలవాటు టీసీ ఇంజిన్ దాకా వచ్చింది.

ఇది తెలియని మంచి మెకానిక్ కూడా పోయిన బోల్టుకు బదులు ఇంగ్లండు మర బోల్టు తెచ్చి బిగిస్తాడు. రెండు చుట్లు తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. ఇంకాస్త బలం పెడితే మర పోతుంది. డెబ్బై అయిదేళ్లు నిలిచిన ఇంజిన్ బ్లాకులో మర పోతే దాన్ని మళ్లీ కోయించి, లోపల గొట్టంలాంటి తొడుగు పెట్టించాలి. పనితనం లేక జరిగిన నష్టం కాదిది, సమాచారం అందక జరిగింది. ఒక కలయికలో అయిదు నిమిషాల మాటతో తప్పిపోయేది.

1930లో మొదలైన ఎంజీ కార్ క్లబ్ తన సభ్యులను ‘రిజిస్టర్లు’గా విభజించుకోవడానికి కారణం ఇలాంటి వివరాలే. టీ వరుస కార్లకు వేరు, యుద్ధానికి ముందరి చిన్న కార్లకు వేరు. ఆబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడింది. అప్పటినుంచి ఆ కార్ల జ్ఞాపకం మోస్తున్నది చాలావరకు యజమానులే.

విడిభాగాల విషయంలోనూ గుంపు బలం పనిచేస్తుంది. ఒక తలుపు రబ్బరు చేయించాలంటే ముందు అచ్చు కావాలి. అచ్చుకు లక్ష రూపాయలు అవుతుందనుకుందాం. ఒక్కరే చేయిస్తే ఆ రబ్బరు ధర లక్ష. యాభైమంది కలిస్తే రెండు వేలు, పైన రబ్బరు ఖర్చు. అరుదైన కారుకు విడిభాగం దొరకకపోవడానికి సాంకేతిక కారణాలు తక్కువ, లెక్క కుదరకపోవడమే ఎక్కువ. ఆ లెక్క కుదిరేలా మనుషులను ఒకచోట చేర్చేది క్లబ్బు. అలాంటి గుంపు ఒకటుందని తెలిస్తే కంపెనీలు కూడా ముందుకొస్తాయి. 2000 జీటీ కోసం గేరుబాక్సు భాగాలను మళ్లీ తయారుచేసి అమ్మడం టయోటా 2020లో మొదలుపెట్టింది. 

ఉత్తరాంధ్ర కార్లు ఎటు వెళ్లాయి?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు 1912 రోల్స్‌రాయిస్ నేటికీ సందర్శకులు చూసేలా ఉంది. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, మందస వంటి చోట్ల ఆ స్థాయి సేకరణ జనం ముందు ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సమాధానం కొంత చరిత్రలో ఉంది. ఇవి మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలే తప్ప సంస్థానాలు కావు. సంస్థానాధీశులకు రాజభరణాలు 1971 వరకు సాగాయి. జమీందారులకు ఆ వెసులుబాటు లేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతోనే శిస్తు రాబడి ఆగిపోయింది. ఖర్చు తప్ప రాబడి లేని విదేశీ కార్లు అలాంటి సమయంలో ముందుగా చేతులు మారతాయి. పాత కార్ల ఎగుమతిని కేంద్రం కట్టడి చేసింది 1970ల ఆరంభంలో. మధ్యలో ఉన్న రెండు దశాబ్దాలు దళారులవే.

మిగిలిన కార్లకు కాగితాల చిక్కు ఉంది. వింటేజ్ నిబంధనకు కావలసింది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. 1948లో సాలూరులో కొన్న కారు నాటి విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రావిన్సులో నమోదై ఉంటుంది. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 1979లో ఆ రెండు జిల్లాల నుంచి కొంత కొంత తీసుకుని విజయనగరం జిల్లా ఏర్పడింది. 1989 నుంచి కొత్త నంబర్ల పద్ధతిలో శ్రీకాకుళానికి 30, విజయనగరానికి 35 అంకెలు వచ్చాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే 39 వచ్చింది. కారు షెడ్డు దాటకపోయినా దాని రికార్డు ఇన్ని కార్యాలయాల గుమ్మాలు తొక్కింది. మధ్యలో ఎక్కడ తెగినా, కారు వయసు కంటికి కనిపిస్తున్నా కాగితం మీద రుజువు కాదు.

అటువంటప్పుడు పాత బీమా రసీదులు, రోడ్డు ట్యాక్సు టోకెన్లు, కారు నంబరు కనిపించే పెళ్లి ఫొటోలు, కర్మాగారం రికార్డులో ఛాసిస్ నంబరు పక్కన రాసిన తేదీ ఒక్కొక్కటీ సాక్ష్యమవుతాయి. ఏ కాగితం దేనికి పనికొస్తుందో ఒకరి అనుభవం నుంచి మరొకరికి తెలియాలి. ఇలాంటి పని ఒక్కో కుటుంబం విడివిడిగా, కొత్తగా మొదలుపెట్టడం కాలవ్యయం.

ఉప్పుగాలి, చెద, ఇథనాల్

విజయనగరం సముద్రానికి దగ్గర. శ్రీకాకుళం ఇంకా దగ్గర. తేమతో కూడిన ఉప్పుగాలి ఇనుప రేకును కనిపించని చోట నుంచి తింటుంది. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలు మూసుకుపోతే పైన రంగు మెరుస్తుండగానే లోపల తుప్పు ఉబుకుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ తీరాన్ని తాకాయి. అలాంటి గాలివానలో రేకుల షెడ్డు ఎగిరిపోతే లోపలి కారుకు దిక్కు లేదు.

ఎంజీ టీసీ లాంటి కార్లలో ఇంకో బలహీనత ఉంది. బయటి రేకు కింద అస్థిపంజరంలా ఉండేది చెక్క. ఐరోపాలో దొరికే యాష్ అనే కలప, గట్టిదీ వంగే గుణమున్నదీ. మన చెదకు అది కొత్త రుచేమీ కాదు. తలుపు మూస్తున్నప్పుడు కొద్దిగా కిందికి జారి తగులుతుంటే, కీలు సంగతి తర్వాత, ముందు లోపలి చెక్కను చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు. వేలితో నొక్కితే పొడి రాలితే కథ ముదిరినట్టే.

పెట్రోలు సమస్య కొత్తది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. కొత్త కార్లలో ఇంధనం మారినట్టు సెన్సర్ గమనించి కంప్యూటర్ సర్దుకుంటుంది. పాత కార్లలో గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ వదలాలి. పాత కార్బురేటర్ పాత మోతాదే వదులుతుంది. మిశ్రమం పలచబడి, ఇంజిన్ వేడెక్కి, ఎగుడుదిగుడుగా నడుస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో, అదీ మన తీరంలో, ఇది చిన్న విషయం కాదు. దానికి తోడు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్నని రంధ్రమైన జెట్‌లో అడ్డం పెడుతుంది. 2000 ఫిబ్రవరిలో సీసం కలిపిన పెట్రోలు ఆగినప్పుడు ఇంజిన్‌లో వాల్వులు ఆనే అంచులు, అంటే వాల్వు సీట్లు, అరిగిపోతాయన్న ఆందోళన వచ్చింది. అప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకుని చాలామంది గట్టెక్కారు. ఈసారి మార్పు ఒక భాగంతో ఆగేది కాదు.

అయినా దారి ఉంది. టీసీలో ఉండే ఎస్‌యూ కార్బురేటర్ అడుగున ఆరు ముఖాల నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని ఒక ముఖం మేర కిందికి తిప్పితే జెట్ దిగి ఇంధనం కొంచెం ఎక్కువ వస్తుంది. తర్వాత కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకెత్తి ఇంజిన్ శబ్దం వినాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కనైంది. పడిపోయి ఆగబోతే పలచన. ఒక్క క్షణం పెరిగి, తిరిగి పాత వేగానికి వస్తే సరిపోయినట్టు. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్షను కాగితం మీద చదివి నేర్చుకోవడం కష్టం. ఒకరు తిప్పుతుంటే పక్కన నిలబడి వినాలి. నట్టు తిప్పినా చాలకపోతే, జెట్‌లో కదిలే సూదిని తీసి వేరే ఆకారంలో ఉండేది వేయాలి. ఏ సూది సరిపోతుందో ఇప్పటికే ప్రయత్నించినవారు చెప్పగలరు.

బాగుచేస్తే అసలుదనం పోతుందా?

చెద తిన్న యాష్ చెక్క స్థానంలో టేకు వేస్తే అది అసలు కారేనా? పాత వాహనాల మీద ఎడతెగని వాదం ఇది. ఫీవా 2012లో రూపొందించిన టురిన్ చార్టర్ సాధ్యమైనంతవరకు ఉన్నదాన్ని కాపాడమంటుంది, మార్చక తప్పనిచోట ఏం మార్చారో రాసిపెట్టమంటుంది. మన నిబంధన పెద్ద మార్పులు జరగకూడదని మాత్రమే చెప్పి ఆగింది. చట్టం చెప్పని చోట, ఏది మరమ్మతు, ఏది మార్పు అన్నది తనిఖీ అధికారి విచక్షణకు మిగిలిపోతుంది. బాగుచేసే ప్రతి దశలో ఫొటోలు, తీసేసిన పాత ముక్కలు, కొలతలు దాచి ఉంచిన యజమానికి ఆ విచక్షణ అనుకూలించే అవకాశం ఎక్కువ.

పనివాళ్ల కొరత ఈ ప్రాంతంలో నిజానికి అంత పెద్ద సమస్య కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి ఏకాండి వీణ తొలిచే చేతులు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా బూడితిలో ఇత్తడి, కంచు పోతపోసే కుటుంబాలు ఉన్నాయి. వంపు తిరిగిన చెక్క చట్రం, ఇత్తడి దీపపు అంచు వారికి పరాయి పనులు కావు. రేకు పని, లేత్ పని చేసేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఏ ముక్క ఏ కొలతలో ఉండాలో చెప్పే నమూనా వారి చేతికి అందడం లేదు. ఒక పాత తలుపు చట్రం ఒక్కపూట వడ్రంగి ముందు ఉంచితే కొలతలు దొరుకుతాయి. ఆ తలుపు ఉన్న కారు ఎవరి షెడ్డులో ఉందో తెలియాలి. కలయిక జరగని చోట తెలియదు.

శాన్ స్టార్మ్ లాంటి కార్లకు ఈ పని ఇప్పుడే మొదలవ్వాలి. వాటికి యాభై నిండి చట్టం తలుపు తెరిచేది 2040ల చివర్లో. ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు కానీ, ఎండకు పగుళ్లు వస్తాయి, అచ్చు లేకపోతే విరిగిన ముక్కను అదే వంపుతో పోతపోయడం కష్టం. ఆ కారు వైరింగ్ పటం, అద్దాల కొలతలు, ఏ భాగం ఏ ఇతర కారుకు సరిపోతుందన్న జాబితా ఇప్పుడు దాన్ని నడుపుతున్నవారి తలల్లో ఉన్నాయి. వారిలో పదిమంది ఒక ఆదివారం ఒకచోట కార్లు ఆపి, బానెట్లు తెరిచి, వాటిని ఒక పుస్తకంలో రాసుకోవడానికి ఒక పూట సరిపోతుంది.